ఫాంటు మార్చినా తెలుగు రావడం లేదా?

ప్రశ్న: మా ఊరి హైస్కూలు పూర్వ విద్యార్థులం కలిసి ఒక ప్రత్యేక సంచిక వేస్తున్నాం. వ్యాసాలన్నీ గూగుల్ డాక్స్‌లో పెట్టి నలుగురం దిద్దుతున్నాం. కొందరు డీటీపీ సెంటర్లో టైపు చేయించి పంపిన ఫైళ్ళు తెరిస్తే తెలుగే లేదు, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ వస్తున్నాయి. మిగతావి చదవడానికి బాగానే ఉన్నాయి గానీ నా లాప్‌టాప్‌లో ఒకలా, డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి ఇంకోలా కనిపిస్తున్నాయి. ఎన్ని ఫాంట్లు మార్చినా లాభం లేదు, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీవి రెండు వేరువేరు ఇబ్బందులండీ. మొదటిదానికి ఎన్ని ఫాంట్లు మార్చినా ఉపయోగం ఉండదు, ఎందుకంటే ఆ ఫైళ్ళలో ఉన్నది అసలు తెలుగు కాదు.

పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో టైపు చేసినప్పుడు ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ ఉన్న స్థానాల్లోనే మన తలకట్లు, గుడులు, వత్తులు ముక్కలుగా పెట్టి మాటను కూరుస్తారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో అది ‘స్త్రీ’ అని కనిపిస్తుంది, ఫాంటు లేనిచోట కింద ఉన్న గుర్తులు బయటపడతాయి. ప్రతి భాష అక్షరాలకూ విడివిడి కోడ్‌లిచ్చే యూనికోడ్‌ పద్ధతిలో అలా కాదు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, ఇలా ఆరు కోడ్‌లు వరసగా ఉంటాయి, ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో చూసుకునే పని ఫాంటుది. అందుకే ఫాంటు మార్చినా మాట మాటలాగే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

మా నాన్నగారి వ్యాసాలు ఇరవై ఏళ్ళ కిందట డీటీపీ చేయించాం. సీడీ ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది, కానీ ఆ ఫైళ్ళలో ‘గోదావరి’ అని వెతికితే ఒక్కటీ దొరకదు. చివరికి పుస్తకం ఎదురుగా పెట్టుకుని మొత్తం మళ్ళీ టైపు చేశాను. మీకు ఆ కష్టం రాకూడదనే ఇంత వివరంగా చెబుతున్నాను.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి, ముందు వాటితో ప్రయత్నించండి. మార్చాక మాత్రం ప్రతి లైనూ చదవాలి, వత్తులు తారుమారవుతాయి. ‘రాజ్‌కుమార్’ కాస్తా ‘రాజ్కుమార్’ అయిపోవచ్చు. పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటేనే వత్తు పడకుండా ఆగుతుంది. అది పోతే డాక్స్‌లో ఇన్సర్ట్ మెనూలో స్పెషల్ క్యారెక్టర్స్ తెరిచి 200సి అనే కోడ్‌తో (సి ఇంగ్లీషు అక్షరం) వెతికి పెట్టుకోవచ్చు. ఫైలు పోయి అచ్చు కాగితమే మిగిలితే దాన్ని ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, ‘ఓపెన్ విత్’లో గూగుల్ డాక్స్ ఎంచుకోండి, బొమ్మలోని తెలుగును చదివి టైపు చేసిపెడుతుంది. తప్పులుంటాయి గానీ చాలా శ్రమ తగ్గుతుంది.

ఇక రెండోది. మీ డాక్యుమెంటులో ఫాంటు పేరు ఏరియల్ అని ఉందేమో చూడండి. ఏరియల్‌లో తెలుగు అక్షరాలే లేవు! లేనప్పుడు ఎవరి కంప్యూటర్ దానికి అందుబాటులో ఉన్న ఇంకో తెలుగు ఫాంటుతో చూపిస్తుంది, అందుకే మీకూ మీ తమ్ముడికీ తేడా. ఫాంటు పెట్టెలో పైనున్న ‘మోర్ ఫాంట్స్’ నొక్కి, స్క్రిప్ట్స్ దగ్గర తెలుగు ఎంచుకుంటే పెద్దన, ధూర్జటి, తిమ్మన, రామభద్ర, సూరన్న అని మన కవుల పేర్లతో సహా బోలెడు వస్తాయి. వ్యాసాలకు నేనైతే నోటో సెరిఫ్ తెలుగు గానీ తిరో తెలుగు గానీ పెడతాను. రామభద్ర శీర్షికలకే బాగుంటుంది, పేజీ నిండా పెడితే కళ్ళు లాగుతాయి. దాన్ని మళ్ళీ బోల్డ్ చేయకండి, అసలే లావుగా ఉంటుంది, వత్తుల మధ్య ఖాళీలు పూడిపోతాయి. బోల్డ్ తప్పనిసరైతే నోటోలో దానికి విడిగా గీసిన అక్షరాలున్నాయి. నలుగురూ ఒకే ఫాంటుకు కట్టుబడండి, లేకపోతే లైన్ల మధ్య ఎడం పేజీకో రకంగా వస్తుంది.

అచ్చుకు ఇచ్చేటప్పుడు పీడీఎఫ్ చేసి ఇవ్వండి, ఫాంటు అందులోనే ఉంటుంది కాబట్టి మీరు చూసిందే ప్రెస్‌లోనూ కనిపిస్తుంది. పేజీలు వాళ్ళే పెడతామంటే పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌ సాఫ్ట్‌వేర్‌లో, తెలుగు వత్తులను సరిగ్గా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేసి పెట్టమనండి, పాత పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు చేతకాదు. ‘మాకు అనులోనే కావాలి’ అని వాళ్ళు తిరిగి మార్చుకుంటే, ఆ ప్రూఫు మీరే మొదటి పేజీ నుంచి ఇంకోసారి చదవండి, దిద్దిన వత్తులన్నీ అక్కడ మళ్ళీ చెడవచ్చు.