80ల దశకం మా ఊరికి ఏడాదిన్నర ఆలస్యంగా వచ్చింది

ప్రశ్న: 1980ల దశకాన్ని పట్టిచ్చే తెలుగు సినిమాలు ఏవి? ఓ ఐదు పేర్లు చెప్పగలరా?

ఈ ప్రశ్న ఎవర్నడిగినా అవే ఐదు పేర్లు చెబుతారు. శంకరాభరణం, సాగర సంగమం, ఖైదీ, గీతాంజలి, శివ. రేషన్ షాపులో కార్డుకింత అని తూచి ఇచ్చినట్టు ఎవరి సంచీ విప్పినా అదే సరుకు. ఇవి మంచి సినిమాలు కావని ఎవరంటారు? ప్రశ్న మంచి సినిమాల గురించి కాదు కదా, దశాబ్దం గురించి.

ముందు శంకరాభరణం సంగతి. 1980 ఫిబ్రవరిలో విడుదలైంది, నిజమే. సెన్సారు మాత్రం 1979లోనే అయింది. జాతీయ అవార్డులు కూడా 1979 సినిమాల లెక్కలోనే వచ్చాయి. సరే, తేదీ గొడవ వదిలేద్దాం. శంకరశాస్త్రి గారి దిగులు 80ల దిగులేనా? సంగీతం పాడైపోతోందన్న బాధ మా తాతకీ ఉంది, ఇప్పుడు నాకూ ఉంది. ఆ సినిమా 1960లో తీసినా చూసేవాళ్ళం, నిన్న తీసినా చూసేవాళ్ళం. అంత గొప్పది కాబట్టే దశాబ్దానికి సాక్ష్యం చెప్పమంటే పనికిరాదు.

ఇక శివ. 1989 అక్టోబరులో వచ్చింది. 80లు గుమ్మం దాటి చెప్పులేసుకుంటున్నప్పుడు వచ్చిన సినిమాని 80ల ప్రతినిధి అంటే ఎలా? ఆ సైకిలు చైను 90లది. అది చూసిన తర్వాతే కాలేజీ గొడవల సినిమాలు వరసపెట్టి వచ్చాయి. దానికి తిరగేసి జగదేకవీరుడు అతిలోకసుందరి. 1990 మే 9న, కోస్తాని తుఫాను ముంచెత్తిన రోజునే విడుదలైంది. క్యాలెండరు ప్రకారం 90ల సినిమా. మనసు మాత్రం నూటికి నూరుపాళ్ళు 80లదే. అందుకే నేను విడుదల తేదీలు పట్టించుకోను. నా లెక్కలో సినిమా తేదీ అంటే దాని ప్రింటు పెట్టె మా ఊరు చేరిన తేదీ.

ఇది హాస్యానికి అనడంలేదు. మాది కృష్ణా జిల్లాలో బందరుకీ గుడివాడకీ మధ్య కాలవగట్టు మీద ఊరు. టూరింగ్ టాకీసు ఒకటుండేది. డేరా హాలు కాబట్టి చీకటి పడితేగానీ ఆట లేదు. ఘంటసాల గారి ‘నమో వెంకటేశా’ మైకులో వినబడిందంటే ఆడవాళ్ళు గబగబా పొయ్యి ఆర్పేసేవాళ్ళు. ప్రొజెక్టరు ఒక్కటే, అందుకని సినిమాకి మూడు నాలుగు ఇంటర్వెల్స్. కొత్త సినిమా ముందు విజయవాడలో ఆడాలి, తర్వాత బందరు, గుడివాడ, ఆ తర్వాత చిన్న టౌన్లు. ప్రింటు మీద గీతలు పడి, తెగి, అతుకులేసుకుని, ఒక పాట ఎక్కడో పోగొట్టుకుని, అప్పుడు మా ఊరు వచ్చేది. పట్నంలో కూర్చుని "ఫలానా ఏడు ఫలానా సినిమా సంచలనం" అని రాసేవాళ్ళకి ఈ ప్రయాణం లెక్కలోకి రాదు. అప్పట్లో జనం ఎక్కువమంది మాలాంటి ఊళ్ళలోనే ఉన్నారు, మా అందరికీ దశాబ్దం లేటు!

ఆకలి రాజ్యం 1981 జనవరిలో విడుదలైంది. మాకు 1982 వానాకాలంలో వచ్చింది. నాకు అప్పుడు పదకొండేళ్ళు.

తీసుకెళ్ళింది మా బాబాయి. బి.కాం. పాసై అప్పటికి నాలుగేళ్ళు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు రెన్యువల్ చేయించుకోవడానికి బందరు వెళ్ళేటప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు, వాళ్ళేదో అక్కడే ఇంటర్వ్యూ చేసేస్తారన్నట్టు. మహాప్రస్థానం సగం నోటికొచ్చు. అప్పటికి శ్రీశ్రీ గారు ఉన్నారు, పోయింది మరుసటేడు. కమల్ హాసన్ తెరమీద శ్రీశ్రీ కవితలు చదువుతాడని ఎవరో చెప్పారు, అంతే, మూడ్రోజుల ముందునుంచీ మా అమ్మ చుట్టూ తిరిగాడు. "వదినా, వీణ్ణి కూడా తీసుకెళ్తాను." నన్ను తీసుకెళ్ళడం మీద ప్రేమ కాదది. నాకు టికెట్టు డబ్బులిస్తే తనకీ ఇవ్వకతప్పదు కదా.

నేల టికెట్టు. ఇసకలో గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాం. ముందు ప్రభుత్వం వారి న్యూస్ రీలు, ఎక్కడో ఆనకట్ట, ఎవరో మంత్రి. తర్వాత సినిమా. ఢిల్లీలో ముగ్గురు కుర్రాళ్ళు, ఉద్యోగాల్లేవు, తిండి లేదు. శ్రీదేవి ఉందని తెలిసి, పస్తున్న సంగతి బయటపడకుండా, విందు భోజనం చేస్తున్నట్టు నటిస్తారు చూడండి, ఆ సీనుకి హాలంతా పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. బాబాయి నవ్వలేదు. నాకు చాలా ఏళ్ళకి అర్థమైంది. మా ఇంట్లో అన్నానికి లోటు లేదు. బాబాయికి రెండు పూటలా కడుపునిండా పెట్టేది మా అమ్మ. ఆయనకి మింగుడుపడనిది అదే, ముప్పై దగ్గరపడుతున్నా వదిన పెట్టాలి.

‘సాపాటు ఎటూ లేదు’ పాట మా ప్రింటులో సగమే ఉంది. ఆత్రేయ గారు ఎంతో రాసుంటారు, మాకు ఒక చరణమే చేరింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ వారం ఆ ప్రింటుని మా హాలూ, కాలవకి అవతల ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంకో హాలూ పంచుకుంటున్నాయి. వాళ్ళు గంట ముందు ఆట మొదలుపెడతారు. వాళ్ళకి అయిపోయిన రీళ్ళు అయిపోయినట్టు ఒక కుర్రాడు సైకిలు మీద మాకు తెచ్చి పడేస్తాడు. ఆ రోజు మధ్యలో వాన మొదలైంది. నాలుగో ఇంటర్వెల్ ఇచ్చారు. సోడాలు తాగారు, బీడీలు కాల్చారు. లైట్లు ఆర్పరే! స్లైడు వేశారు, పక్కూరి బట్టలకొట్టు ప్రకటన. ఆ స్లైడే ఇరవై నిమిషాలు చూశాం. యజమాని మైకు పట్టుకుని "పెట్టె దార్లో ఉంది, దయచేసి గొడవ చెయ్యకండి" అన్నాడు. డేరా అంచుల్నుంచి నీళ్ళు లోపలికి పాకుతున్నాయి. గోనెపట్టాలు చుట్టేసి జనం నిలబడ్డారు.

పొలాల్లో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన బాబాయి వైపు తిరిగి, "చదువుకున్నోడివి కదయ్యా, తర్వాత ఏమవుద్దో నువ్వు చెప్పు, ఇంటికి పోతాం" అన్నాడు. నలుగురూ అందుకున్నారు. బాబాయి కాసేపు మొహమాటపడ్డాడు, తర్వాత గొంతు సవరించుకున్నాడు. కవిత్వం మొదలెడతాడేమో అనుకున్నాను.

"ఏమీ అవదు. ఉద్యోగం రాదు. అంతే" అన్నాడు.

పెద్దాయన ఒక్క క్షణం ఆలోచించి, "అట్టాగైతే టికెట్టు డబ్బులు తిరిగిచ్చెయ్యమనండి" అన్నాడు.

డబ్బులు ఇవ్వలేదు. రేపు రండి, ఊరికే చూపిస్తాం అన్నారు. మర్నాడు వెళ్తే బోర్డు మీద వేరే సినిమా. ప్రింటు గడువు అయిపోయి ఇంకో ఊరు వెళ్ళిపోయిందట. కుర్రాడి సైకిలు బురదలో దిగబడిందని ఒకరు, పంక్చరని ఒకరు, దార్లో అత్తగారింట్లో పడుకున్నాడని ఇంకొకరు. ఏదైతేనేం, మా ఊరికి ఆకలి రాజ్యంలో ఆఖరి రీళ్ళు లేవు. మా ఊరి లెక్కలో రంగా, అదే సినిమాలో కమల్ హాసన్, ఇప్పటికీ ఢిల్లీ వీధుల్లో తిరుగుతూనే ఉన్నాడు.

అందుకే దశాబ్దం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ సినిమా. నా కొలబద్ద కూడా అదే: పదేళ్ళు ముందు తీస్తే జనానికి అంత గుచ్చుకోకూడదు, పాతికేళ్ళ తర్వాత తీస్తే నప్పకూడదు. డిగ్రీ ఉండి ఉద్యోగం లేని కుర్రాడు 80ల్లో హీరో. 2000 తర్వాత అదే కుర్రాడు హీరో పక్కన కమెడియన్ అయిపోయాడు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఈ కొలబద్ద పెడితే బొబ్బిలిపులి తప్పకుండా నిలబడుతుంది. తెలుగుదేశం పుట్టింది 1982 మార్చి 29న, సినిమా వచ్చింది అదే జులైలో, రామారావుగారు ముఖ్యమంత్రి అయింది 1983 జనవరి 9న. మధ్యలో ఆ కోర్టు సీను. అది సినిమానా, ఎన్నికల ప్రచారమా అని విడదీయడం నావల్ల కాదు. ఇంకో సంగతి, మాలో చాలామంది బొబ్బిలిపులి చూడలేదు, విన్నాం. పెళ్ళిళ్ళలో, పందిళ్ళలో మాటల క్యాసెట్ వేసేవారు. తాళి కట్టే వేళకి దాసరి గారి డైలాగులు చెవులు బద్దలుకొట్టేవి. వీటిని జాబితాలు వేసేవాళ్ళు ఎక్కడ పెడతారు? చూసిన సినిమాలకి లెక్కుంది గానీ విన్న సినిమాలకి లెక్కలేదు.

ప్రతిఘటన కూడా పెట్టుకోండి. 1985. లెక్చరరు చివర్లో గొడ్డలి ఎత్తితే హాల్లో ఆడవాళ్ళ వైపు నుంచి ఈలలు వినిపించడం నేను మొదటిసారి అప్పుడే విన్నాను. మా అమ్మ రెండోసారి డబ్బులిచ్చి చూసిన సినిమా అదొక్కటే. టి. కృష్ణ గారు మరుసటేడే పోయారు. ఆయన ఇంకో పదేళ్ళు ఉంటే 90ల చరిత్ర వేరేలా ఉండేదని నేను పందెం కాస్తాను.

ఖైదీ ఉంచుతాను, వాదించే ఓపిక లేదు. ఐదోది అహ నా పెళ్ళంట. జంధ్యాల గారు, 1987. పైన వేలాడదీసిన కోడిని చూస్తూ కోట శ్రీనివాసరావు అన్నం తింటాడు కదా. ఆకలి రాజ్యంలో లేని భోజనం ఉన్నట్టు నటించారు, ఇక్కడ డబ్బుండి కూడా లేనట్టే తింటున్నాడు. ఆరేళ్ళలో మన నవ్వు ఎటు మళ్ళిందో ఈ రెండు పళ్ళాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇది నా సొంత సిద్ధాంతం, ఎవరూ ఒప్పుకోలేదు.

ఒక ఫిర్యాదు చెప్పుకోనివ్వండి. ఇప్పుడు ఈ సినిమాలన్నీ యూట్యూబులో ఉన్నాయి, మెరుగులు దిద్దామంటారు. మొహాలకి పసుపు రాసినట్టు రంగు, పైనా కిందా కోసేసి వెడల్పు తెర, మూలన ఛానెలు ముద్ర. కోసిన చోట ఎవరి తల పోయిందో చూసుకోరు. మా డేరా ప్రింటులో గీతలున్నా తలలుండేవి. "80స్ కిడ్స్" అని టీషర్టులు వేసుకునే పిల్లలు అవి చూసి అప్పుడంతా బంగారు కాలం అంటుంటారు. ఎవరికి బంగారం? బాబాయి కార్డు ఎన్నిసార్లు రెన్యువల్ అయిందో అడగమనండి.

ఆ కార్డు మీద ఉద్యోగం రాలేదు. 1984లో బాబాయి అప్పు చేసి మైకు సెట్టు కొన్నాడు. రెండు హారన్లు, ఒక ఆంప్లిఫయరు, ఒక టేపురికార్డరు. ఇందాక చెప్పిన బొబ్బిలిపులి క్యాసెట్ మా చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో వేసింది ఆయనే. మొదట్లో సిగ్గుపడి ఊళ్ళో పెళ్ళిళ్ళకి కుర్రాణ్ణి పంపేవాడు, బి.కాం. చదివి పందిరి గుంజెక్కి హారన్ కట్టడమేమిటని. తర్వాత సిగ్గు పోయింది, ఇల్లు కట్టాడు.

ఆకలి రాజ్యం చివర నేను చూసింది ఎప్పుడో 90ల ఆఖర్లో, టీవీలో. రంగా ఒక సెలూన్లో పనికి కుదురుతాడు. తండ్రి కంటబడినా తలొంచడు, ఏ పనైనా పనే అంటాడు. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ పండక్కి ఊరెళ్ళినప్పుడు బాబాయికి చెప్పాను, పదహారేళ్ళు ఆలస్యంగా ఆఖరి రీళ్ళు మోసుకొచ్చిన సైకిలు కుర్రాడిలా. ఆయన ఏదో పెళ్ళికి వైర్లు చుడుతున్నాడు. చేతులాపకుండానే విన్నాడు.

"సెలూన్లోనా?"

"సెలూన్లోనే."

వైరు చుట్టడం పూర్తిచేసి, గూట్లో పెట్టి, అప్పుడన్నాడు: "ఒరేయ్, అయితే ఆ వెధవ ఆ రాత్రి సరిగ్గా సైకిలు తొక్కుంటే నేను రెండేళ్ళు ముందే మైకు సెట్టు పెట్టేవాణ్ణంటావా?"