‘చేయకండి’లో ఒక్క అక్షరం

(పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు)

ప్రశ్న: చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో డిస్పాచ్ పని చూస్తాను. మొన్న రాత్రి యార్డు సూపర్‌వైజరుకు వాట్సాప్‌లో, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి, ఇలా పంపాను: “అన్నా నమస్తే, మీరు చెప్పిన విషయం మేనేజరు గారితో మాట్లాడాను, చెన్నై పార్టీ వాళ్లు కూడా ఫోను చేశారు, రెండో లాట్ స్లాబుల్లో గీతలు ఉన్నాయంటున్నారు కాబట్టి రేపు లోడ్ చేయకండి.” ఆయన చేయమన్నాననుకుని పొద్దున్నే క్రేన్ పెట్టించారు. తప్పు ఎవరిది?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: చదివినవారి తొందర కొంత ఉన్నా, ఎక్కువ పాలు రాతదే. తెలుగులో క్రియ వాక్యం చివరికి వస్తుంది. వద్దనే అర్థం ఆ క్రియ కడుపులో ఒక్క ‘క’గా దాగి ఉంటుంది. ఎదురుగా నిలబడి చెప్పేటప్పుడు గొంతు మారుతుంది, చెయ్యి అడ్డంగా ఊగుతుంది కనుక పొరపాటు జరగదు. రాయి కోసే యంత్రాల మోతలో, దుమ్ము పట్టిన ఫోను అద్దం మీద, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో చదువుకునే మనిషికి ఆ ‘క’ కనబడకపోవడంలో వింత లేదు. అందువల్ల ఆపవలసిన పని ఉన్నప్పుడు ‘చేయకండి’ని నమ్ముకోకుండా ‘ఆపండి’ అనే విడి మాట వాడి, దానిని మొదటి వాక్యంలోనే పెట్టడం మేలు.

మీ సందేశాన్నే ఇలా రాసి ఉండవచ్చు: “రెండో లాట్ లోడింగ్ ఆపండి. స్లాబుల్లో గీతలున్నాయని చెన్నై పార్టీ అంటున్నారు. మొదటి లాట్ 14వ తేదీ ఉదయం మామూలుగానే వెళ్తుంది. ఏ లాట్ ఆపారో రాయండి.” ఇందులో ‘రేపు’ లేదని గమనించండి, రాత్రి పంపిన ‘రేపు’ను ఆయన తెల్లవారి చదివితే ఒక రోజు జారిపోతుంది. ఇక బొటనవేలి గుర్తు జవాబు కాదు, చూశానని మాత్రమే దాని అర్థం. ఏమి ఆపారో ఆయన చేతనే రాయించుకుంటే పొరపాటు అప్పుడే బయటపడుతుంది.

కారణాన్ని మాత్రం కత్తిరించవద్దు. మన దేశంలో 2013 జూలైలో నిలిచిపోయిన టెలిగ్రాముకు మాటల లెక్కన డబ్బు కట్టేవారు కనుక ‘వెంటనే బయలుదేరు’ అని మాత్రమే వచ్చేది, ఎందుకో తెలియక ఇల్లంతా ఏడుపు మొదలయ్యేది. కారణం తెలిసిన సూపర్‌వైజరు మూడో లాట్‌లోనూ గీతలున్నాయేమో తనంతట తానే చూస్తాడు.

మరొక మాట. వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని 15 నిమిషాల వరకు దిద్దుకోవచ్చు గాని, దిద్దినట్టు అవతలి ఫోను మోగదు. చదివేసి యార్డులోకి వెళ్లిన మనిషికి కొత్త సందేశమే పంపండి, వీలైతే ఫోను చేయండి.

ప్రశ్న: మా రొయ్యల ప్లాంటు కార్మికులకు షిఫ్టు మార్పులను తెలుగులో ఎస్.ఎం.ఎస్. పంపుతున్నాము. ఒకదానికి రెండింటి ఖర్చు ఎందుకు పడుతోంది?
– ఒక పాఠకురాలు, ఇందుకూరుపేట మండలం

జవాబు: ఇంగ్లీషు అక్షరాలైతే ఒక ఎస్.ఎం.ఎస్.లో 160 పడతాయి, తెలుగైతే 70 మాత్రమే. అది దాటితే సందేశం 67 చొప్పున ముక్కలై, ప్రతి ముక్కకూ వేరుగా లెక్క పడుతుంది. పైగా గుణింతపు గుర్తులు, ఒత్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి. కంటికి ఒక్క అక్షరమైన ‘స్త్రీ’ మాటకు ఆరు పోతాయి. అలాగని ఇంగ్లీషు అక్షరాల్లోకి మారితే పై పాఠకుడి కష్టమే మీకూ వస్తుంది. ‘ప్రియమైన ఉద్యోగులకు తెలియజేయునది ఏమనగా’ అనే ఎత్తుగడ ఒక్కటే, ఖాళీలతో కలిపి, 38 తినేస్తుంది. దానిని తీసేసి “రాత్రి షిఫ్టు 21వ తేదీ నుంచి 8 గంటలకు. బస్సు గేటు దగ్గర 7.15కు.” అని రాస్తే 63తో సరిపోతుంది. ఇటువంటి మూకుమ్మడి సందేశాల నమూనాను ముందుగా నమోదు చేయించవలసి ఉంటుంది కనుక, ఆ నమోదుకు ముందే మాటలు తగ్గించుకోండి.

ప్రశ్న: పై అధికారికి రెండు ముక్కల్లో రాస్తే పెడసరంగా ఉండదా? నేను మొదట ‘సార్’ అని పంపి, వారు పలికాకే విషయం రాస్తాను.
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: అది గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంటూ లోపలికి రాకపోవడం వంటిది. ఆయన ‘చెప్పు’ అని రాసేసరికి మీరు కౌంటరులో పనిలో పడతారు, మీరు విషయం రాసేసరికి ఆయన మీటింగులో ఉంటారు, అలా ఒక పూట గడిచిపోతుంది. “సార్, 22వ తేదీన నాకు సెలవు కావాలండి. అమ్మను నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ రోజు నా కౌంటరు చూడడానికి పక్క కౌంటరు ఆమె ఒప్పుకున్నారు.” అని ఒకేసారి పంపండి. మీ ‘సార్’ అందులోనూ ఉంది.