గార్మెంట్స్ ఫ్యాక్టరీలో యూనియన్ పెడితే ఉద్యోగం తీసేస్తారా?

తీసేయరండీ. తీసేస్తే కారణం కాగితం మీద రాయాలి కదా. మీ అంతట మీరే మానేసేలా చేస్తారు. హిందూపురం దగ్గర ఒక ఫ్యాక్టరీలో కొన్నేళ్లు టైలర్‌గా చేశాను కాబట్టి చెబుతున్నా. (2022 నుంచి మాది శ్రీ సత్యసాయి జిల్లా అయింది. నా నోటికి ఇప్పటికీ అనంతపురం అనే వస్తుంది.)

మా లైన్‌లో కాలర్లు కుట్టే పిల్ల ఒకతి ఉండేది. మూడో నెల కడుపు. మాటిమాటికీ బాత్రూమ్‌కి పోవాల్సి వచ్చేది. లైన్ మొత్తానికి ఒకటే టోకెన్, ఒకరు తిరిగొచ్చాకే ఇంకొకరు పోవాలి. షిప్‌మెంట్ దగ్గర పడిందంటే ఆ టోకెన్ సూపర్‌వైజర్ జేబులోంచి బయటికి వచ్చేదే కాదు. ఒకరోజు ఆ పిల్ల ఆగలేక అడక్కుండానే పోయింది. వచ్చేసరికి మిషన్ దగ్గర బండిళ్లు పేరుకుపోయాయి. అతను ఒక బండిల్ తీసి ఆమె మొహం మీదికి విసిరి, కడుపుతో ఉంటే ఇంట్లో పడి ఉండొచ్చు కదా అని కన్నడంలో అరిచాడు. మాకు అర్థం కాదనుకున్నాడేమో. హిందూపురంలో కన్నడం రానిదెవరికి?

భోజనం బెల్ తర్వాత మా లైన్‌లో ఎవరూ మిషన్ ఆన్ చేయలేదు. ముందుగా అనుకున్నదేమీ లేదు. ఓవర్‌లాక్ మీద కూర్చునే పెద్దక్క చేతులు ఒళ్లో పెట్టుకుంది, మేమూ పెట్టుకున్నాం. మా పీసులు రాకపోతే చెకింగ్ ఆగుతుంది, ఇస్త్రీ ఆగుతుంది, ప్యాకింగ్ ఆగుతుంది. కాసేపటికే ఫ్లోర్ ఇన్‌ఛార్జి పరుగెత్తుకొచ్చాడు. అంతవరకూ "ఏయ్" అని పిలిచిన మనిషి "అక్కా, అమ్మా" అన్నాడు. సూపర్‌వైజర్ తల దించుకుని ఏదో గొణిగాడు. దాన్నే సారీ అనుకుని కుట్టడం మొదలుపెట్టాం.

తర్వాత హెచ్‌ఆర్ వాళ్లు ఒక్కొక్కరినీ పిలిచి, మొదలుపెట్టింది ఎవరని అడిగారు. నన్ను కాజాలకు, పెద్దక్కను చెకింగ్‌కు మార్చారు. చెకింగ్ అంటే రోజంతా నిలబడాలి. ఆమెకు మోకాళ్ల నొప్పులని తెలిసే వేశారు. నెల తిరక్కుండా మానేసింది. ఇలా కక్షతో మార్చడం 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం తప్పే, కానీ కక్ష అని మనం నిరూపించుకోవాలి. కాగితంలో మాత్రం "ఉత్పత్తి అవసరాల రీత్యా" అని ఉంది.

నాకు ఎక్కువ కడుపు మండేది ఆ పిల్ల గురించి. ఆమె అంతకుముందే మానేసింది. జీతంలో ఈఎస్ఐ (ప్రభుత్వ కార్మిక బీమా) కోత పడుతున్న వాళ్లకు కనీసం 70 రోజుల చందా ఉంటే కాన్పుకు 26 వారాలు జీతం వస్తుంది. అది కంపెనీ జేబులోంచి పోయే డబ్బు కూడా కాదు, ఈఎస్ఐ ఇస్తుంది. అయినా ఒక్కరూ ఆమెకు ఆ మాట చెప్పలేదు. టార్గెట్ బోర్డు మీద గంట గంటకీ అంకెలు రాయడానికి మాత్రం మనిషిని పెడతారు!

ఇక మీ ప్రశ్న. యూనియన్ రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు సంతకం పెట్టొచ్చు. కానీ ఫ్యాక్టరీలో పది శాతం లేదా వంద మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. దరఖాస్తు చేరేదాకా పేర్లు బయటికి పొక్కనివ్వకండి. ఫ్లోర్ మీద అసలు మాట్లాడొద్దు, కంపెనీ బస్సులో కూడా వద్దు, ఆ డ్రైవర్లు అన్నీ మోస్తారు.

మే డే నాడు మాత్రమే కనిపించే నాయకుల్ని నమ్ముకోవడం కూడా నాకు ఇష్టం లేదు. స్టేజీ మీద అందరూ మగవాళ్లే, కింద కుట్టేది అంతా ఆడవాళ్లు. పీఎఫ్ తీసుకోవడం మీద కేంద్రం ఆంక్షలు పెడితే 2016 ఏప్రిల్‌లో బెంగళూరు గార్మెంట్స్ ఆడవాళ్లు రోడ్డెక్కారు. ఏ పెద్ద నాయకుడూ పిలవలేదు. రెండు రోజుల్లో ఆ రూల్ వెనక్కి పోయింది. ఆ వారం మా ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్లు గొంతు పెంచితే ఒట్టు.