గొంతు గరగర ఉంది, జ్వరం లేదు... పనికి పోవాలా, ఆగాలా?

నర్సమ్మను అడగండి
(2022 జనవరి చివరి వారం ఉత్తరాలకు జవాబులు)

ప్రశ్న: నర్సమ్మకు నమస్కారం. నాకు 28 ఏళ్లు. నకిరేకల్ నుంచి రోజూ బస్సులో నల్లగొండ పోయి బట్టల దుకాణంలో పనిచేస్తాను. సోమవారం నుంచి గొంతు గరగర. నిన్నటి నుంచి ముక్కు కారుతోంది, రాత్రి కొంచెం ఒళ్లు నొప్పులు. జ్వరం లేదు. వాసన, రుచి తెలుస్తున్నాయి. టీకా రెండు డోసులూ వేసుకున్నాను. జ్వరం లేనప్పుడు రావాల్సిందే అంటున్నాడు మా సేటు. మానేస్తే ఆ రోజు జీతం కోత. దీనికి తోడు ఆదివారం మా మేనమామ దినాలు. అత్తమ్మకు షుగర్ ఉంది. పోకపోతే జీవితాంతం మాట పడాలి. ఇంత చిన్న జలుబుకు ఇంట్లో కూర్చోవాలా?
– పేరు వద్దన్న సోదరి, నకిరేకల్

జవాబు: బిడ్డా, ఇది అచ్చయ్యేసరికి ఆదివారం దాటిపోతుందని నీకు ఫోన్‌లోనే చెప్పేశాను, దుకాణానికీ పోవద్దు, దినాలకూ పోవద్దు అని. కాసేపు నువ్వేమీ మాట్లాడలేదు. అలా ఎందుకు చెప్పానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఈ వారమంతా ఫీవర్ సర్వేలో ఇల్లిల్లూ తిరుగుతున్నాను కదా, ఏ గడప తొక్కినా ఇదే మాట. పండుగకు చల్లగాలి తగిలింది అని ఒకరు, అరిసెలు తిని గొంతు పట్టింది అని ఒకరు, వాతావరణం మారింది కదమ్మా అని ఇంకొకరు.

వాళ్లు చెప్పేది నిజమే కావచ్చు. కానీ ఒక మనిషి జలుబును చూసి అది మామూలుదో కరోనానో 29 ఏళ్ల సర్వీసు ఉన్న నేను చెప్పలేను. ఎంత పెద్ద డాక్టరైనా కళ్లతో చూసి చెప్పలేడు. మొదటి రెండు వేవ్‌లలో వాసన పోవడం ఒక గుర్తుగా ఉండేది. ఇప్పుడు తిరుగుతున్న ఒమిక్రాన్‌లో చాలామందికి వాసన పోవడం లేదు. గొంతు నొప్పి, ముక్కు కారడం, ఒళ్లు నొప్పులు, నీరసం, అంతే. నువ్వు రాసినవీ అవే. రెండు డోసుల వల్ల నీకు ముదరకుండా ఉండే అవకాశం ఎక్కువ, అది మంచి మాటే. కానీ నీ నుంచి పక్కవాళ్లకు అంటకుండా టీకా పూర్తిగా ఆపలేదు.

అందరూ మర్చిపోయే సంగతి ఇంకొకటుంది. లక్షణాలు మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, మొదలైన రెండు మూడు రోజుల దాకా మనిషి నుంచి వైరస్ బాగా బయటికొస్తుంది. ‘రెండు రోజులు చూద్దాం, ముదిరితే మానేద్దాం’ అనుకుంటాం చూడు, ఆ చూసే రెండు రోజులే ఎదుటివాళ్లకు అంటించే రోజులు. ముదిరి మంచాన పడ్డాక ఎలాగూ బయటికి పోలేం.

ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. 2021 ఏప్రిల్‌లో టీకాల డ్యూటీలో ఉన్నాను. ముందురోజు గిర్నీకి పోయి ఐదు కిలోల కారం పట్టించుకొచ్చాను. తెల్లారి లేచేసరికి గొంతులో గరగర. కారం ఘాటే అనుకున్నాను. ఉప్పునీళ్లు పుక్కిలించి, మాస్కు పెట్టుకుని సెంటర్‌కు పోయాను. మధ్యాహ్నం నేనూ మా ఆశా కార్యకర్త అమ్మాయీ చిన్న గదిలో తలుపు దగ్గరికేసుకుని, మాస్కులు తీసి, నా డబ్బాలోని చింతకాయ తొక్కు పంచుకుని తిన్నాం. మరుసటి రోజూ అంతే. మూడో రోజు నాకు జ్వరం, పరీక్ష చేస్తే పాజిటివ్. ఐదు రోజుల్లో తేరుకున్నాను. వారం తిరగకముందే ఆ అమ్మాయికి వచ్చింది, తర్వాత ఆమె అత్తకు. అత్తకు 70 ఏళ్లు, పైగా షుగర్. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ప్రాణం దక్కింది గానీ ఇప్పటికీ బాయి కాడి దాకా నడవలేదు. నా నుంచే పోయిందని ఎవరూ రుజువు చేయలేరు. కాదని నేనూ అనలేను. ఆ అమ్మాయి ఈ రోజు దాకా నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడూ ఇద్దరం కలిసే సర్వేకు పోతున్నాం. అన్నం మాత్రం వేపచెట్టు కింద, మధ్యలో రెండు బారల దూరం పెట్టుకుని తింటున్నాం.

అందుకే నీ గొంతు ఎంత నొస్తోందని నేను అడగలేదు. నీ పక్కన ఎవరు కూర్చుంటారని అడిగాను. పొద్దున చలికి అద్దాలన్నీ వేసిన బస్సు, దుకాణంలో చీరలు చూపిస్తూ గంటల తరబడి మాట్లాడే పని, ఇంట్లో ఆరేళ్ల పాప, మీ అమ్మ. అవన్నీ నువ్వే చెప్పావు.

ఇక సేటు సంగతి. సెలవు కావాలని బతిమాలకు, లెక్క చెప్పు. ‘నేనొక్కదాన్ని నాలుగు రోజులు రాకపోతే ఒక కౌంటర్‌కే ఇబ్బంది. వస్తే వచ్చే వారం నలుగురం రాము’ అను. అయినా వినకపోతే పరీక్ష చేయించుకుని ఆ కాగితం ఫొటో తీసి పంపు. సర్కారు దవాఖానలో ఈ పరీక్షకు పైసా కట్టనక్కర్లేదు. రోజు కూలి మీద బతికే ఇంట్లో ఒక్క రోజు జీతం పోతే ఎంత లోటో నాకు తెలుసు. అందుకే పరీక్ష రేపటికి, ఎల్లుండికి వాయిదా వేయకు. నెగెటివ్ అని తొందరగా తేలితే నీకు పోయే జీతమూ తక్కువే.

పాజిటివ్ వస్తే 2022 జనవరి మొదటి వారంలో కేంద్రం ఇచ్చిన కొత్త పద్ధతి ఇది. పరీక్ష రోజు నుంచి కనీసం 7 రోజులు ఇంట్లో ఉండాలి, వరుసగా 3 రోజులు జ్వరం లేకుండా ఉండాలి. పారాసిటమాల్ వేసుకుని దింపిన జ్వరం తగ్గినట్టు లెక్క కాదు. 7 రోజులు దాటాకా మాస్కు తీయొద్దు.

దినాల మాట దగ్గరే నీకు ఏడుపొచ్చింది. మన దగ్గర చావింటికి పోవడమంటే మూల కుర్చీలో కూర్చుని రావడం కాదు కదా. గడపలో అడుగు పెట్టగానే అత్తమ్మ నీ మెడ పట్టుకుంటుంది. చెంపకు చెంప ఆనించి ఇద్దరూ ఏడుస్తారు. ఏడుపులో మాస్కు ఏ మూలకో పోతుంది. ఆమెను విడిపించుకుని దూరం జరగడం నీవల్ల కాదు, జరగాలని నేను చెప్పలేను కూడా. ఆమె షుగర్ మనిషి, పది రోజులుగా సరిగ్గా తిని ఉండదు, నిద్రపోయి ఉండదు. నువ్వు ఆ ఇంటికి తీసుకుపోగలిగిన వాటిల్లో ఈ జలుబు కంటే పెద్ద ప్రమాదం లేదు. మీ ఇంటి తరఫున పెట్టాల్సిన బట్టలు మీ తమ్ముడి చేత పంపించు. వాడికి జలుబూ దగ్గూ లేకపోతేనే, మాస్కు పెట్టుకుని పోవాలి. ఫోన్‌లో అత్తమ్మతో నువ్వే మాట్లాడు, అసలు సంగతి దాచకుండా చెప్పు. నెలమాసికానికి పో, ఒక పూట కాదు, రెండు రోజులు ఉండిరా. అందరూ వెళ్లిపోయాక ఆ ఇంట్లో మనిషి తోడు ఇంకా ఎక్కువ కావాలి. అత్తమ్మకు 60 దాటి, రెండో డోసు వేసుకుని 9 నెలలు నిండి ఉంటే, ఈ నెల 10 నుంచి ఇస్తున్న ప్రికాషన్ డోసు (మూడో డోసు) వేయించమని మీ బావకు గుర్తు చెయ్యి.

మీది రెండు గదుల ఇల్లు అన్నావు. కిటికీ ఉన్న గది నువ్వు తీసుకో. ఆ కిటికీ తెరిచే ఉంచు, చలైతే ఇంకో దుప్పటి కప్పుకో. పాపను అమ్మ దగ్గర పడుకోబెట్టు. వేలికి పెట్టుకుని ఒంట్లో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్ దొరికితే గోళ్ల రంగు తుడిచి, చేతులు వెచ్చబడ్డాక పెట్టుకుని చూడు. 94, ఆ పైన ఉంటే మంచిదే. గంటలో మూడుసార్లు చూసినా 93 దాటకపోతే, ఊపిరి ఆడకపోతే, ఛాతీలో బరువు తగ్గకపోతే, 100 దాటిన జ్వరం మూడు రోజులైనా దిగకపోతే, మనిషి అయోమయంగా మాట్లాడితే పొద్దుటి దాకా చూడొద్దు. 108కి ఫోన్ చెయ్యమని అమ్మకు ఇప్పుడే చెప్పి ఉంచు.

ప్రశ్న: రైస్ మిల్లులో గుమాస్తాను. రెండు రోజులుగా దగ్గు, జ్వరం 100. కిట్టు కొని ఇంట్లోనే పరీక్ష చేసుకుంటే నెగెటివ్. పనికి పోవచ్చా? స్టెరాయిడ్ సూది వేస్తే ఒక్క రోజులో లేచి తిరుగుతావని మా ఆర్‌ఎంపీ అంటున్నాడు.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, పోవద్దు. మీరు కిట్టుతో చేసుకున్నది ర్యాపిడ్ పరీక్ష, అందులో పాజిటివ్ వస్తే నమ్మొచ్చు. లక్షణాలు ఉండి నెగెటివ్ వస్తే మాత్రం దాన్ని నమ్ముకోకూడదు, ల్యాబులో చేసే ఆర్‌టీపీసీఆర్ పరీక్ష చేయించాలి. మొదటి రోజుల్లో, ముక్కులో పుల్ల సరిగ్గా తిప్పకపోయినా, ర్యాపిడ్‌కు దొరక్కపోవచ్చు. ఆర్‌టీపీసీఆర్ ఫలితం వచ్చేదాకా ఇంట్లోనే ఉండండి. అదీ నెగెటివ్ వస్తే, జ్వరం పూర్తిగా పోయాక మాస్కుతో వెళ్లండి. ఏ జ్వరమైనా మిల్లులో పదిమందికి పంచాల్సిన పని లేదు.

సూది మాత్రం వేయించుకోకండి, బతిమాలి చెబుతున్నాను. స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరం పడినవాళ్లను కాపాడే మందు. ఆక్సిజన్ బాగున్న మనిషికి దానివల్ల లాభం లేదు, నష్టం ఉండొచ్చు. షుగర్ పెరుగుతుంది, జబ్బుతో పోరాడే శక్తి తగ్గుతుంది. పోయిన ఏడాది మేలో బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్లలో షుగర్ ఉండి స్టెరాయిడ్లు వాడినవాళ్లే ఎక్కువ. సూదితో జ్వరం దిగి మీరు లేచి తిరిగినా, లోపల వైరస్ ఉన్నచోటే ఉంటుంది.

ప్రశ్న: మా ఆయన ముంబైలో బిల్డింగ్ పనికి పోతాడు. పండుగకు వచ్చినప్పటి నుంచి దగ్గు, మూడు వారాలు దాటింది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతుంది, బక్కచిక్కాడు. కరోనా పరీక్ష రెండుసార్లు నెగెటివ్. మేస్త్రీ రమ్మని ఫోన్లు చేస్తున్నాడు. బస్సెక్కించాలా?
– ఒక సోదరి, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఇప్పుడే ఎక్కించకు తల్లీ. రెండేళ్లుగా ఏ దగ్గయినా కరోనా కోసమే చూస్తున్నాం, టీబీని మర్చిపోతున్నాం. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా తెమడ పరీక్ష చేయించాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కూడా ఉన్నాయంటున్నావు కాబట్టి రేపే పీహెచ్‌సీకి తీసుకుపో. పరీక్ష, మందులు పూర్తిగా ఉచితం. టీబీ అని తేలితే కనీసం ఆరు నెలలు మందు వాడాలి, ఆ వాడినన్నాళ్లూ తిండి కోసం సర్కారు డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. పని మానుకోవాలేమోనని భయపడకండి. మందు కుదురుకున్నాక డాక్టరు సరేనంటే ముంబై పోవచ్చు, పేరు అక్కడికి బదిలీ చేయించుకుంటే మందులు అక్కడే ఇస్తారు. ఫలితం తెలిసేదాకా ఆయన మాస్కు పెట్టుకుని, గాలి ఆడే వసారాలో పడుకోవాలి.

తెమడ రెండుసార్లు ఇవ్వాలి, ఒకటి దవాఖానలో అక్కడికక్కడే, ఇంకోటి తెల్లవారి లేవగానే. అక్కడిచ్చే డబ్బా ఇంటికి తెచ్చుకుని, పొద్దున నీళ్లతో నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, ఛాతీ లోపలి నుంచి దగ్గి తీసిన తెమడే అందులో పట్టాలి. వట్టి ఉమ్ము తీసుకుపోతే మళ్లీ రమ్మంటారు.