నేల లేపే ముందు

చిరంజీవికి,

గ్యారేజీని గది చేసుకుంటున్నామని, నేల లేపి ఇంటి మట్టానికి తెస్తామని రాశావు. మంచిదే. కానీ వడ్రంగిని పిలిచే ముందు చెమ్మ సంగతి తేల్చుకో.

ఒకటిన్నర అడుగుల చదరం పాలిథిన్ షీటును కాంక్రీటు మీద పరిచి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపు వెయ్యి. ఒక రోజంతా వదిలేసి పీకి చూడు. షీటు అడుగున నీటి చెమట పట్టినా, కాంక్రీటు నల్లబడినా కింది నుంచి తడి ఎక్కుతున్నట్టే. దాని మీద చెక్క పరిస్తే చెమ్మ పోదు, కంటికి కనపడదంతే. తర్వాత ముక్కిన వాసనకి తలుపు తీయలేం. పైకప్పు నీళ్లు పునాది పక్కనే పడుతున్నాయేమో, బయట నేల గోడ వైపు వాలి ఉందేమో చూసి ముందు అవి సరిచేయించు. పొడిగా తేలినా సరే, నేలంతా పాలిథిన్ పరవాల్సిందే.

ఇక వాటం. నీళ్లు బయటికి పోవాలని గ్యారేజీ నేలను తలుపు వైపు వాలుగా పోస్తారు. అడుగుకి పావు అంగుళం వాలున్నా 20 అడుగులకి 5 అంగుళాల తేడా వస్తుంది. అందుకే నేల లేపడానికి కింద పరిచే చెక్క దూలాలన్నీ ఒకే ఎత్తున కోయించకు. ఇంటి గుమ్మం నుంచి మట్టం పట్టి గోడల చుట్టూ గీత కొట్టించు. గీత నుంచి నేలకి చోటుచోటునా కొలిచి, దాని ప్రకారం కోయించు. చెక్కముక్కలు దోపి సరిపెడతానంటే ఒప్పుకోకు. కొన్నాళ్లకి అవి జారి, అడుగేసినప్పుడల్లా కిర్రుమంటాయి. కాంక్రీటుకి తగిలే చెక్క, కుళ్లకుండా మందు పట్టించిందే వాడాలి. దూలాల మధ్య 16 అంగుళాలు, పైన 18 మి.మీ. ప్లైవుడ్ చాలు. చెక్క ఉబ్బుతుంది కాబట్టి గోడల పక్కన కాస్త సందు వదిలించు.

నేల ఎంత లేస్తే సీలింగు అంత దిగుతుంది. 7 అడుగులు కూడా మిగలకపోతే నేల లేపే ఆలోచన మానుకో.

షట్టరు అలాగే ఉంచి లోపల ప్లైవుడ్ కొట్టే పని పెట్టుకోకు. నాకు అది అస్సలు నచ్చదు, గాలీ వానా రెండూ లోపలికే. తీసేసి, కింద కాంక్రీటు దిమ్మ పోయించి గోడ కట్టించు. మనిషి దూరి బయటపడేంత కిటికీ పెట్టించు. గ్యాస్ గీజరు ఉంటే బయటికి మార్పించు, పడుకునే గదిలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుతో ఆటలొద్దు.

వైర్లు, పైపులు ప్లైవుడ్ వేయకముందే లాగించి, పక్కన కొలత టేపు పెట్టి ఫొటోలు తీసుకో. అనుమతి కాగితాలు ముందే చూసుకో. గీత కొట్టాక కొలతలు నాకు పంపు, కోతకి ఇచ్చే ముందు ఒకసారి చూస్తాను.

ఆశీస్సులతో,
బాబాయి