మిర్చి బజ్జీ మీద వేడి చాయ్ తాగితే మంట ఎందుకు పెరుగుతుంది?

హైదరాబాద్‌కు కొత్తగా వచ్చానని, మిర్చి బజ్జీ తిన్నాక నీళ్లు తాగినా మంట తగ్గలేదని, పైన ఇరానీ చాయ్ తాగితే ఇంకా పెరిగిందని రాశారు. కారానికి నాలుక నిజంగా కాలుతుందా, ఇది అలవాటవుతుందా అని అడిగారు. కాలదు. కాలిందని మెదడు అనుకుంటుంది, అంతే.

ఉప్పు, పులుపు, తీపి, చేదు రుచి మొగ్గలకు తెలుస్తాయి. కారం దారి వేరు. నోట్లో వేడినీ నొప్పినీ పసిగట్టే నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే ప్రొటీన్ ఉంటుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది మెదడుకు కబురు పంపుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ దానికి అతుక్కుంటే వేడి లేకపోయినా అదే కబురు వెళ్తుంది. ఒళ్లు చల్లబరుచుకోవాలని చెమట మొదలవుతుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ ప్రొటీన్‌ను కనిపెట్టింది; ఆయనకు 2021లో నోబెల్‌లో వాటా దక్కింది. అసలు సంగతేమిటంటే, క్యాప్సైసిన్ అతుక్కున్నాక ఆ 43 డిగ్రీల గీత బాగా కిందికి దిగిపోతుంది. అప్పుడు మామూలు ఒంటి వేడే చాలు మండడానికి. ఇక పొగలు కక్కే చాయ్ సంగతి చెప్పేదేముంది!

మా మామయ్యకు చిక్కడపల్లిలో బజ్జీల బండి ఉండేది. కాలేజీ రోజుల్లో సాయంత్రాలు కాయలు చీరే పని నాదే. గింజల్లోనే కారమంతా ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగంలో. గింజలకు అక్కడి నుంచే అంటుతుంది. కాయకు నిలువునా గాటు పెట్టి, చెంచా కాడతో ఆ తెల్లదంతా తొడిమ దాకా గీకేసి, చింతపండు, వాము, ఉప్పు కలిపిన ముద్ద కూరితే చిన్నపిల్లలు కూడా తినేస్తారు. రద్దీ టైములో ఇంత ఓపిక ఎవరికి ఉంటుంది? మీకు దొరికింది గీకని కాయే అయ్యుంటుంది.

రాత్రికి వేళ్లు భగ్గుమనేవి. ఎన్ని నీళ్లు పోసినా లాభం లేదు, ఎందుకంటే క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. మామయ్య ముందు నూనె రాయించి, తర్వాత సబ్బుతో కడిగించేవారు. నోటికి నూనె పట్టించలేం కాబట్టి చల్లటి పాలో, పెరుగో తీసుకోండి. పాలల్లోని కేసిన్ అనే ప్రొటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని లాక్కెళ్తుంది. చన్నీళ్లు నోట్లో ఉన్నంతసేపే హాయి. కాస్త చక్కెర చప్పరించినా పనిచేస్తుంది.

మిరియాల్లోని పైపరిన్, అల్లంలోని జింజరాల్ కూడా టీఆర్‌పీవీ1నే తడతాయి, కాకపోతే అంత బలంగా కాదు. ఆవ ఘాటు మాత్రం వేరే జాతి, నా లెక్కన దీన్ని మించిన వింత వంటింట్లో లేదు. ఆవాల్లో ఘాటు సిద్ధంగా ఉండదు. గింజ నలిగి తడి తగిలాకే లోపలి ఎంజైమ్ పనిచేసి అల్లైల్ ఐసోథయోసయనేట్ తయారవుతుంది. ఇది ఇట్టే ఆవిరవుతుంది కాబట్టి గొంతు వెనక నుంచి ముక్కుకెక్కి, టీఆర్‌పీఏ1 అనే ఇంకో ప్రొటీన్‌ను రెచ్చగొడుతుంది. కాగిన నూనెలో పడితే ఆ ఎంజైమ్ పని అయిపోతుంది. అందుకే పోపులో ఎన్ని ఆవాలు చిటపటలాడినా ఘాటు రాదు. అదే పనసపొట్టు కూర దించాక కలిపిన చెంచాడు ఆవముద్దకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

అన్నట్టు, రామచిలుక మిరపకాయలు హాయిగా కొరుక్కు తింటుందంటే దానికి ధైర్యం ఎక్కువని కాదు. పక్షుల టీఆర్‌పీవీ1 మీద క్యాప్సైసిన్ ప్రభావం దాదాపు ఉండదు.

ఇక అలవాటు సంగతి. తప్పకుండా అవుతుంది. క్యాప్సైసిన్ పదేపదే తగులుతుంటే ఆ నరాల కొసలు స్పందించడం తగ్గిస్తాయి. నొప్పులకు రాసే కొన్ని పూతమందుల్లో దాన్ని వాడేది ఇందుకే. కొన్నాళ్లు కారం మానేస్తే మాత్రం మళ్లీ మొదటికే వస్తుంది. పై చదువులకు విదేశం వెళ్లి చప్పిడి తిండికి అలవాటుపడ్డ మా తమ్ముడు, ఇంటికొచ్చిన రోజు అమ్మ చేసిన మామూలు పచ్చిపులుసుకే ముక్కు చీదుకుంటూ కూర్చున్నాడు.