ఆయుధాన్ని ఆరగించిన పోలీసులు

పాత టెలివిజన్ నేరకథల గురించి ఇటీవల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే కథను పట్టుకుని అడిగినవి కావడంతో ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాం. కథ ముగింపు ఇందులో బయటపడుతుంది కనుక, ఇంకా చూడనివారు చూసిన తర్వాతే చదవడం మంచిది.

ప్రశ్న: భర్తను చంపిన ఇల్లాలు, చంపిన వస్తువునే వండి, దర్యాప్తుకు వచ్చిన పోలీసులకు వడ్డించే కథ ఒకటి మా నాయన తరచూ చెబుతుంటారు. అది నలుపు తెలుపుల్లో వచ్చిన హిచ్‌కాక్ సినిమా అని ఆయన వాదన. కాదు, రంగుల్లో వచ్చిన బ్రిటిష్ సీరియల్ అని మా బాబాయి పట్టుదల. ఎవరిది నిజం?
- ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: ఇద్దరూ చూసినదే చెబుతున్నారు, అయితే ఇద్దరూ చూసింది ఒకటి కాదు. మీ నాయనగారు చెప్పేది సినిమా కాదు. 'ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ప్రెజెంట్స్' అనే అమెరికన్ ధారావాహికలో 1958 ఏప్రిల్ 13న ప్రసారమైన 'లాంబ్ టు ది స్లాటర్' అనే అరగంట ఎపిసోడ్. ఈ ధారావాహిక 1955 అక్టోబరు 2న మొదలై, 1962లో గంట నిడివికి పెరిగి, 1965 దాకా నడిచింది. వందల కొద్దీ వచ్చిన ఆ ఎపిసోడ్లలో హిచ్‌కాక్ స్వయంగా దర్శకత్వం వహించినవి ఇరవై కూడా లేవు. ఆ కొద్దింటిలో ఇది ఒకటి, కనుక దర్శకుడి విషయంలో మీ నాయనగారి మాటే నిలుస్తుంది. కథ బ్రిటిష్ రచయిత రోల్డ్ డాల్‌ది. 1953 సెప్టెంబరులో హార్పర్స్ పత్రికలో వచ్చిన తన కథకు టీవీ రచన కూడా ఆయనే చేశాడు. మీ బాబాయి గారు చూసింది, అదే కథను 1979లో బ్రిటన్‌లో 'టేల్స్ ఆఫ్ ది అనెక్స్‌పెక్టెడ్' కోసం మళ్ళీ తీసిన రూపం. అందులో భార్యగా సుజన్ జార్జ్, పోలీసు అధికారిగా బ్రయన్ బ్లెస్డ్ నటించారు.

రెంటిలో దేనిని ముందు చూడాలని అడిగితే 1958 నాటిదే అంటాను. మేరీ మలోనీగా నటించిన బార్బరా బెల్ గెడిస్ అదే ఏడాది హిచ్‌కాక్ 'వెర్టిగో'లో కూడా కనిపించింది. కడుపుతో ఉన్న మేరీ, పోలీసు ఉద్యోగం చేసే భర్త ఇంటికి రాగానే ఎదురెళ్ళి సపర్యలు చేయబోతుంది. అతడు నిన్ను వదిలి మరొకరిని చేసుకుంటున్నానని ముఖం మీదే చెప్పేస్తాడు. ఆ మాట చెవికి ఎక్కనట్టుగా ఆమె, రాత్రి వంట చేస్తానంటూ డీప్ ఫ్రీజర్ దగ్గరికి నడిచి, రాయిలా గడ్డకట్టిన గొర్రె తొడను తీసుకుని వచ్చి, వెనక నుంచి అతడి తల మీద ఒక్కటి వేస్తుంది. అరుపు లేదు, పెనుగులాట లేదు. ఆ తర్వాత తొడను ఓవెన్‌లో పెట్టి, కూరగాయల కోసం దుకాణానికి వెళ్ళి, ఏమీ జరగనట్టు మాట్లాడి వస్తుంది. ఇక్కడ ఓవెన్ చేసే పనిని గమనించండి. అంత గడ్డకట్టిన మాంసం కాలడానికి గంటలు పడుతుంది, ఇల్లంతా వెతకడానికి పోలీసులకు కూడా గంటలే పడుతుంది. కథకు కావలసిన కాలవ్యవధిని రచయిత ఎక్కడా అతికించలేదు, వంటే దాన్ని సమకూర్చింది.

దీన్ని మలుపు కథ అని పిలవడం వాడుకైపోయింది గానీ, నిజానికి ఇందులో ప్రేక్షకుడి నుంచి దాచిందేమీ లేదు. ఎవరు చంపారో, దేనితో చంపారో మొదటి కొద్ది నిమిషాల్లోనే మనకు తెలుసు. తెలియనిది పోలీసులకు మాత్రమే. చివర వాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని మాంసం తింటూ, ఆయుధం మన ముక్కు ముందే ఉందేమో అని అనుకుంటుంటే, కెమెరా వాళ్ళను వదిలి పక్క గదిలో ఒంటరిగా కూర్చున్న మేరీ ముఖం మీదికి వస్తుంది. ఆమెకు నవ్వు పొంగుకొస్తుంది. మొత్తం ఎపిసోడ్ ఆ నవ్వు కోసమే కట్టినట్టుంటుంది.

ప్రశ్న: కథ అయిపోయాక హిచ్‌కాక్ వచ్చి, మేరీ తర్వాత దొరికిపోయిందని చెబుతాడు. మా స్నేహితుల్లో కొందరు అదే అసలు ముగింపు అంటున్నారు. దాన్ని కథలో భాగంగా తీసుకోవాలా?
- ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: తీసుకోనవసరం లేదు. డాల్ రాసిన కథ మేరీ నవ్వుతోనే ముగుస్తుంది. తర్వాత ఆమెకేమైందో ఆయన ఒక్క ముక్క కూడా రాయలేదు.

ఆ రోజుల్లో అమెరికా ప్రసార సంస్థలు తమకు తాము పెట్టుకున్న నియమావళి ఒకటుండేది. 1952 నుంచి అమల్లోకి వచ్చిన దాని ప్రకారం నేరం చేసినవారు హాయిగా తప్పించుకున్నట్టు చూపకూడదు. అరగంట కథలో హంతకుడు గెలిస్తేనే రక్తి కట్టే సందర్భాలు కోకొల్లలు. కథను పాడుచేయకుండా నియమాన్ని తృప్తిపరచడానికి హిచ్‌కాక్ బృందం పట్టిన దారే ఈ చివరి ప్రసంగం. కథ దాని పద్ధతిలో అది ముగుస్తుంది. తర్వాత ఆయన నిమ్మళంగా వచ్చి, ఫలానావారు ఫలానా విధంగా పట్టుబడ్డారని రెండు మాటలు చెప్పి వెళ్ళిపోతాడు. ఈ మాటలను జేమ్స్ అల్లార్డైస్ అనే రచయిత రాసేవాడు.

ఈ ఎపిసోడ్‌లో ఆయన చెప్పిందేమిటో మీ స్నేహితులకు గుర్తు చేయండి. మేరీ రెండో భర్తను కూడా అదే విధంగా చంపబోయిందట. ఆ మతిమరుపు మనిషి ఫ్రీజర్ ప్లగ్ పెట్టడం మరిచిపోవడంతో మాంసం మెత్తబడిపోయిందట. నేరస్థురాలికి శిక్ష పడిందని చెప్పవలసిన చోట, ఆమెకు రెండో పెళ్ళి అయిందనీ, రెండో హత్యకు కూడా పూనుకుందనీ చెప్పడంలోని కొంటెతనాన్ని నియమావళి రాసినవారు గమనించారో లేదో గానీ, ప్రేక్షకులు గమనించే ఉంటారు. నా మట్టుకు నాకు ఆ ప్రసంగం ఇష్టమే. అయితే దాన్ని కథకు తీర్పుగా కాక, తీర్పు అడిగిన పెద్దలకు పెట్టిన దండంగా చూస్తాను.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. డాల్ కథలో భర్త చెప్పే మాటలు మనకు వినబడవు. అతడు చెప్పాడని మాత్రమే ఉంటుంది. టీవీలో వాటిని బయటికి అనిపించారు. కథ చదివినప్పుడు కలిగే వణుకు అక్కడ కొంత తగ్గిందనిపిస్తుంది.

ప్రశ్న: ఆయుధాన్ని తిన్న పోలీసులు సాక్ష్యాన్ని నాశనం చేసినట్టేనా? మన చట్టం ప్రకారం మేరీ మీద ఏ నేరం నిలుస్తుంది?
- ఒక న్యాయశాస్త్ర విద్యార్థి, నల్లగొండ

జవాబు: భారతీయ న్యాయ సంహితలో సాక్ష్యాన్ని మాయం చేయడం గురించి చెప్పేది 238వ సెక్షన్ (పాత శిక్షాస్మృతిలో 201). నేరం జరిగిందని తెలిసి, నేరస్థుణ్ణి కాపాడాలనే ఉద్దేశంతో చేస్తేనే అది వర్తిస్తుంది. ఆకలితో తిన్న పోలీసులకు ఆ ఉద్దేశం లేదు, కనుక వాళ్ళకు మిగిలేది అధికారుల చీవాట్లే. వండి పెట్టిన మేరీకి మాత్రం అది తగులుతుంది. ఇక హత్యా, హత్య కాని నరహత్యా అన్నది 101వ సెక్షన్‌లోని మొదటి మినహాయింపు, అంటే తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టడం మీద ఆధారపడుతుంది. భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో 1961లో వచ్చిన తీర్పులో, భార్య మాట విన్న క్షణానికీ కాల్చిన క్షణానికీ మధ్య మనసు కుదుటపడేంత సమయం గడిచిందని చెప్పి సుప్రీంకోర్టు ఆ రక్షణను నిరాకరించింది. మేరీ విషయంలో గడిచింది ఫ్రీజర్ దాకా నడిచి వచ్చేంత సేపే. మంచి వకీలు ఆ నాలుగడుగుల మీదే కేసు నడుపుతాడు. ఆయుధం దొరకనంత మాత్రాన కేసు వీగిపోదనీ, మిగిలిన సాక్ష్యం గట్టిగా ఉంటే శిక్ష పడవచ్చుననీ కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: ఈ కథను మా ప్రాంతానికి మార్చి, పావుగంట లఘుచిత్రంగా తీయాలనుకుంటున్నాం. భార్య పోలీసులకు మటన్ కూర వడ్డిస్తుంది. అనుమతి అవసరమా? ఏమైనా సలహా ఇవ్వగలరా?
- మిర్యాలగూడ నుంచి కొందరు యువకులు

జవాబు: డాల్ 1990లో మరణించాడు. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత అరవై ఏళ్ళ వరకు హక్కులుంటాయి కనుక 2050 చివరి దాకా ఆ కథ స్వేచ్ఛగా వాడుకునేది కాదు. డాల్ రచనల హక్కులున్న సంస్థను 2021లో నెట్‌ఫ్లిక్స్ కొనుక్కుంది. యూట్యూబ్‌లో పెట్టే ఆలోచన ఉంటే ఇది మరీ ముఖ్యం. ఊహకు హక్కులుండవు, ఆ ఊహకు రచయిత ఇచ్చిన రూపానికే ఉంటాయి. పాత్రలు, సంఘటనల వరుస, సంభాషణలు అవే ఉంచి పేర్లు మార్చితే సరిపోదు.

హక్కుల సంగతి పక్కన పెట్టినా, మీరు చెప్పిన మార్పు మన దగ్గర నిలబడదు. తొడ మాంసం మొత్తంగా ఫ్రీజర్‌లో దాచుకునే ఇల్లు మిర్యాలగూడలో ఎక్కడుంది? ఆదివారం పొద్దున కొట్టు ముందు నిలబడి ముక్కలు కొట్టించుకుని తెచ్చుకోవడమే మన అలవాటు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. చావు జరిగిన ఇంట్లో మనవాళ్ళు పొయ్యి వెలిగించరు. చుట్టాలో, ఇరుగుపొరుగో వండి తెస్తారు. శవం లేచిన రాత్రే కొత్తగా విధవరాలైన మనిషి కూర వండి వడ్డిస్తే, ఎస్సై దాకా అక్కర్లేదు, గడపలో కూర్చున్న ముసలమ్మే పసిగడుతుంది. అమెరికాలో అతిథి మర్యాదగా సాగిన పని ఇక్కడ నేరాంగీకారమవుతుంది.

అందుచేత మాంసాన్ని వదిలేసి, చావింట్లో మనవాళ్ళు ఎవరూ చెప్పకుండా చేసే పనుల వైపు చూడండి. ఉదాహరణకు, వాకిట్లో పేర్చి ఉన్న తుమ్మ మొద్దుల్లో ఒకటి ఆయుధమనుకోండి. పంచనామా దాని పక్కనే జరుగుతుంది. పోస్టుమార్టం ముగిసి శవం ఇంటికి వస్తుంది. కాష్టానికి కట్టెలు కావాలంటూ బంధువులే తలా ఒక చేయి వేసి ఆ మొద్దులన్నీ ట్రాక్టర్‌కెక్కిస్తారు. భార్య ఒక్క మాట కూడా అననవసరం లేదు. వాకిట్లో ఏడుస్తున్న ఆడవాళ్ళ మధ్య కూర్చుని, ట్రాక్టర్ వైపు చూస్తే చాలు.

ఆ మొద్దును ఎస్సై చేతే ఎత్తించాలనే కోరిక మీకు తప్పకుండా కలుగుతుంది. ఎత్తించవద్దు. 1958 ఎపిసోడ్‌లో పోలీసులు తెలివితక్కువవాళ్ళు కారు. చనిపోయినవాడి స్నేహితులు, అతడి భార్య మీద జాలిపడి బల్ల దగ్గర కూర్చున్నారు. మీ కథలో అంతటి చనువు ఉన్నది మరిదికి. అన్న కోసం అన్నిటికంటే బరువైన మొద్దు తానే మోస్తానని అతడు ముందుకు రావడంలో అనుమానించడానికి ఏమీ ఉండదు.